చిన్నవాడి విస్తరిలో పెద్దవాడి చెయ్యి

ఏటా స్వయం ఉపాధి రుణాల ప్రకటనలు వెలువడే కాలంలో మా కార్యాలయానికి వచ్చే ఉత్తరాలన్నింటిలో ఒకే ప్రశ్న ఉంటుంది. "పథకం మా పేరు మీదనే ఉంది. డబ్బు మాత్రం మా దాకా ఎందుకు రావడం లేదు?" దీనికి జవాబుగా ఈసారి పాఠకులను కొంత దూరం తీసుకువెళ్ళదలిచాము. అమెరికాలోని ఒక ఖరీదైన భోజనశాలల సంస్థ కథ ఇది. దాని పేరు రూత్స్ క్రిస్ స్టీక్ హౌస్. స్టీక్ అంటే నిప్పుల వేడి మీద కాల్చి వడ్డించే బీఫ్ మందపాటి ముక్క. ఆ మాంసం హలాలా కాదా అన్న ప్రశ్న మన పాఠకులకు ముందుగా తట్టడం సహజమే. కానీ ఇక్కడ చర్చించదలిచింది పళ్ళెంలోని మాంసాన్ని గురించి కాదు. పేదవాడి కోసం తీసిన సొమ్ము ఏ పళ్ళెంలోకి పోయిందన్నదే మా ప్రశ్న.

కథ మొదలు చాలా గౌరవప్రదమైనది. లూసియానా రాష్ట్రంలోని న్యూ ఓర్లీన్స్ నగరంలో 1927లో క్రిస్ స్టీక్ హౌస్ అనే చిన్న భోజనశాల మొదలైంది. 1965లో దానిని అమ్మకానికి పెట్టారు. పత్రికలో ఆ ప్రకటన చూసిన రూత్ ఫెర్టెల్ విడాకులు పొందిన స్త్రీ, ఇద్దరు కుమారుల తల్లి. ట్యూలేన్ విశ్వవిద్యాలయపు వైద్య కళాశాలలో ప్రయోగశాల ఉద్యోగిని. ఆ జీతంతో పిల్లలను కళాశాల చదువులు చదివించలేనని ఆమెకు అర్థమైంది. భోజనశాల నడిపిన అనుభవం ఇసుమంతైనా లేదు. స్నేహితులు వద్దన్నారు, న్యాయవాది వద్దన్నాడు. అయినా ఆమె ఉన్న ఒక్క ఇల్లు తాకట్టు పెట్టింది. అడగబోయింది 18,000 డాలర్లు. మరమ్మతులకూ సరకులకూ ఏం చేస్తావని బ్యాంకు అధికారి గుర్తు చేసిన తరువాత 22,000 డాలర్లు తీసుకున్నది. తొలిరోజు 35 స్టీకులు అమ్మింది. విద్యుత్ రంపం కొనే స్తోమత లేక బరువైన మాంసపు దిమ్మెలను చేతి రంపంతో తానే కోసుకున్నది. వడ్డనకు తనవలెనే ఒంటరిగా పిల్లలను పెంచుకుంటున్న తల్లులను పనిలో పెట్టుకున్నది. బాధ్యత తెలిసినవారు, కష్టపడేవారు అని వారిపై ఆమెకు నమ్మకం.

అదే సంవత్సరం సెప్టెంబరులో బెట్సీ తుఫాను ఆ నగరాన్ని అతలాకుతలం చేసింది. రోజుల తరబడి విద్యుత్తు లేదు. శీతల పెట్టెల నిండా మాంసం. కొత్తగా అప్పు చేసి పెట్టుబడి పెట్టిన మనిషి ఆ నష్టానికి కూలిపోవలసిందే. ఆమె మాత్రం ఉన్న మాంసమంతా వండించి తుఫాను బాధితులకూ సహాయక పనుల్లో ఉన్నవారికీ పంచిపెట్టింది. 1976లో వంటగదిలో పుట్టిన మంటలకు ఆ భవనం కాలిపోయింది. కొద్ది రోజుల్లోనే సమీపంలోని మరో భవనంలో పొయ్యి వెలిగించింది. క్రిస్ అనే పేరును వేరొక చోట వాడరాదని కొనుగోలు ఒప్పందంలో షరతు ఉన్నందున దానికి ముందు తన పేరు చేర్చింది. నాలుక తిరగని ఆ వింత పేరు పుట్టింది అందువల్లనే. ఆ తరువాత ఇతరులకు కూడా ఆ పేరుతో శాఖలు నడుపుకునే హక్కు ఇస్తూ సంస్థ విస్తరించింది. ఆమె 2002లో కన్నుమూసింది.

ఇల్లు తాకట్టు పెట్టి దుకాణం తెరిచిన స్త్రీని మనం బాగా ఎరుగుదుము. మన మొహల్లాలో కుట్టుమిషను కోసం చెవి కమ్మలు తాకట్టు పెట్టిన తల్లి ఆమెయే. భర్త పోయిన తరువాత ఇంటి ముందు సమోసాల మూకుడు పెట్టిన చెల్లెలు ఆమెయే. అందుకే కథలోని తరువాతి భాగం మనను మరింత బాధిస్తుంది.

స్థాపకురాలు పోయిన తరువాత సంస్థ ఒక వ్యక్తి సొత్తుగా లేదు. 2005లో దాని వాటాలు స్టాక్ మార్కెట్టుకు ఎక్కాయి. అదే ఏడు కత్రినా తుఫాను న్యూ ఓర్లీన్స్‌ను ముంచెత్తింది. నగరం ఇంకా నీటిలో ఉండగానే సంస్థ తన ప్రధాన కార్యాలయాన్ని ఫ్లోరిడా రాష్ట్రానికి తరలించుకుపోయింది. ఒక తుఫానులో ఉన్నదంతా వండి పెట్టిన చేతుల పేరు, మరో తుఫానులో సర్దుకుని వెళ్ళిపోయిన సంస్థకు పలకగా మిగిలింది. వ్యాపారానికి దాని కారణాలు దానికి ఉండవచ్చు. ఊరి జనం మాత్రం దానిని మరువలేదు.

ఇక అసలు విషయానికి వద్దాము. 2020 మార్చిలో కరోనా వ్యాధి వల్ల అమెరికాలో దుకాణాలు, భోజనశాలలు మూతపడ్డాయి. కోట్ల మంది ఉపాధి కోల్పోయే ప్రమాదం ఏర్పడింది. ఆ నెల 27న అక్కడి ప్రభుత్వం ఒక సహాయ చట్టం చేసింది. చిన్న వ్యాపారులు తమ పనివారిని తొలగించకుండా జీతాలు ఇచ్చుకొనేందుకు 34,900 కోట్ల డాలర్లు కేటాయించింది. పేరుకు అది 1 శాతం వడ్డీ గల రుణమే. ఆ సొమ్ములో అధిక భాగాన్ని జీతాలకు ఖర్చు చేసి లెక్క చూపితే రుణం మాఫీ అయిపోతుంది. మన భాషలో చెప్పాలంటే అది పూర్తి సబ్సిడీ. 500 మంది లోపు ఉద్యోగులున్న సంస్థలు అర్హమైనవి.

ఏప్రిల్ 3న దరఖాస్తులు మొదలైనాయి. ఏప్రిల్ 16 నాటికి ఖజానా ఖాళీ అయింది. పదమూడు రోజులు! లక్షలాది మంగలి దుకాణాలు, టీ కొట్లు, దర్జీ అంగళ్ళు దరఖాస్తు చేతబట్టుకుని నిలబడి ఉండగానే నిధులు అయిపోయాయని ప్రకటించారు. ఆ తరువాత ఎవరెవరికి ఎంత ముట్టిందన్న వివరాలు ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. స్టాక్ మార్కెట్టులో వాటాలు అమ్మే సంస్థలు తమ రాబడి వివరాలను బహిరంగంగా దాఖలు చేయవలసి ఉంటుంది కదా! ఆ కాగితాలలో రూత్స్ క్రిస్ సంస్థ పేరు కనిపించింది. అది పొందిన మొత్తం 2 కోట్ల డాలర్లు. ఆ సంస్థకు సొంతంగానూ, పేరు వాడుకునే హక్కు పొందినవారి ద్వారానూ 150కి పైగా భోజనశాలలు ఉన్నాయి. ఉద్యోగులు ఐదు వేలకు పైమాటే. అంతకు ముందు ఏడాది, అనగా 2019లో, దాని రాబడి 46.8 కోట్ల డాలర్లు, లాభం సుమారు 4.2 కోట్ల డాలర్లు.

500 మంది పరిమితి ఉండగా ఐదు వేల మంది గల సంస్థకు ఎట్లా వచ్చింది? ఇక్కడనే పాఠకులు శ్రద్ధగా గమనించాలి. దొంగతనం జరుగలేదు, చట్టాన్ని ఉల్లంఘించలేదు. ద్వారం చట్టంలోనే ఉన్నది. హోటళ్ళు, భోజనశాలల విషయంలో మాత్రం 500 మంది లెక్కను మొత్తం సంస్థకు కాక ఒక్కొక్క శాఖకు చూస్తే చాలునని మినహాయింపు వ్రాశారు. ఏ భోజనశాలలోనైనా 500 మంది పనిచేస్తారా? ఆ ఒక్క వాక్యంతో పెద్ద గొలుసు సంస్థ కూడా కాగితం మీద చిన్న వ్యాపారి అయిపోయింది. ఒక రుణానికి గరిష్ఠ పరిమితి కోటి డాలర్లు. సంస్థ తన రెండు అనుబంధ కంపెనీల పేరిట రెండు దరఖాస్తులు పెట్టింది. కోటి, కోటి, మొత్తం రెండు కోట్లు.

ద్వారం తెరిచింది చట్టం. ముందు వరుసలో ఎవరిని నిలబెట్టాలో నిర్ణయించింది బ్యాంకులు. ఈ సొమ్మును ప్రభుత్వం నేరుగా పంచలేదు, బ్యాంకుల ద్వారా పంచింది. పెద్ద బ్యాంకులు అనేకం తమకు అప్పటికే ఖాతాదారులైన వారి దరఖాస్తులనే మొదట స్వీకరించాయి. బ్యాంకు సేవకు ప్రభుత్వం ఇచ్చే రుసుము కూడా రుణం మొత్తాన్ని బట్టి నిర్ణయమైంది. మూడున్నర లక్షల డాలర్ల లోపు రుణాలకు 5 శాతం, 20 లక్షల డాలర్లు, ఆపైన వాటికి 1 శాతం. పైకి చూస్తే చిన్న రుణానికే ఎక్కువ శాతం ఇచ్చినట్టున్నది. కానీ లెక్క కట్టి చూడండి. 20,000 డాలర్ల చిన్న దుకాణం కాగితాలు చూస్తే బ్యాంకుకు దక్కేది 1,000 డాలర్లు. కోటి డాలర్ల పెద్ద సంస్థ కాగితాలు చూస్తే దక్కేది లక్ష డాలర్లు. గుమాస్తా శ్రమ రెండింటికీ దాదాపు ఒకటే. అటువంటప్పుడు బ్యాంకు ఏ దస్త్రం ముందు తెరుస్తుందో చెప్పనవసరం లేదు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదని తెలుగువారి సామెత. వడ్డించేవాడు మనవాడు కానప్పుడు ముందు పంక్తిలో కూర్చున్నా విస్తరి ఖాళీయే.

హక్కుల కోసం పనిచేసేవారు ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసిన అంశం మరొకటి ఉన్నది. ఆ చట్టంలో ఒక మంచి మాట కూడా వ్రాసి ఉన్నది. సామాజికంగా, ఆర్థికంగా వెనుకబడిన వర్గాలకు, స్త్రీలకు, గ్రామీణ ప్రాంతాల వారికి ప్రాధాన్యం ఇచ్చే విధంగా బ్యాంకులకు మార్గదర్శకాలు జారీ చేయాలన్నది చట్టసభ ఉద్దేశం. 2020 మే 8న ఆ పథకాన్ని నడిపే ప్రభుత్వ సంస్థకు చెందిన తనిఖీ విభాగమే ఒక నివేదిక ఇచ్చింది. అటువంటి మార్గదర్శకాలు జారీ అయిన దాఖలా తమకు కనబడలేదని అందులో తేల్చింది. అంతేకాదు, దరఖాస్తు ఫారంలో దరఖాస్తుదారు ఏ వర్గానికి చెందినవారో తెలుసుకొనే గడి లేదు కనుక, సొమ్ము వెనుకబడినవారికి చేరిందా లేదా అని లెక్క చూసే వీలు కూడా లేకపోయిందని ఎత్తి చూపింది. ప్రాధాన్యం చట్టంలో ఉన్నది, ఆదేశంలో లేదు. ఫారంలో గడి లేదు, కనుక లెక్క లేదు. లెక్క లేదు కనుక అన్యాయం జరిగిందని నిరూపించే ఆధారమూ లేదు. ప్రభుత్వ కార్యాలయంలో జీవితమంతా దస్త్రాల మధ్య గడిపిన మాకు ఈ వరుస చాలా పరిచితమైనది. పేదవాడిని గెంటివేయడానికి ఎవరూ "కాదు" అని వ్రాయనవసరం లేదు. ఒక గడి వదిలేస్తే చాలు.

తరువాత జరిగినది ఈ కథలో ఆశ కలిగించే భాగం. వార్త బయటపడగానే ప్రజలలో ఆగ్రహం పెల్లుబికింది. రూత్స్ క్రిస్ ఆ సొమ్మును వాపసు చేయాలని కోరుతూ పెట్టిన వినతిపత్రంపై రెండు లక్షలకు పైగా జనం సంతకాలు చేశారు. అప్పటికే షేక్ షాక్ అనే మరో భోజనశాలల సంస్థ తాను పొందిన కోటి డాలర్లు తిరిగి ఇచ్చివేసింది. లాస్ ఏంజెలస్ లేకర్స్ అనే సంపన్న బాస్కెట్‌బాల్ జట్టు కూడా తనకు వచ్చిన సుమారు 46 లక్షల డాలర్లు తిప్పి పంపింది. ఏప్రిల్ 23న ప్రభుత్వ ఆర్థిక శాఖ ఒక వివరణ ఇచ్చింది. మార్కెట్టులో పెట్టుబడి పుట్టించుకోగల పెద్ద సంస్థలు "ఈ సహాయం మాకు అవసరం" అని మనస్సాక్షిగా ధ్రువీకరించలేవు, గడువులోగా తిరిగి ఇచ్చినవారిని మాత్రం తప్పు పట్టబోము అన్నది దాని సారాంశం. అదే రోజున రూత్స్ క్రిస్ 2 కోట్ల డాలర్లూ తిరిగి చెల్లిస్తున్నట్టు ప్రకటించింది. ఉద్యోగుల కోసమే తీసుకున్నామనీ, నిధుల కొరత సంగతి తెలిసిన తరువాత త్వరగా తిరిగి చెల్లించదలిచామనీ సంస్థ చెప్పుకున్నది. న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఆ సంస్థలోని వంటవారూ వడ్డించేవారూ కూడా పేదలే, మూతపడిన భోజనశాల వారి పొయ్యినీ ఆర్పింది. కానీ సంస్థకు బ్యాంకులున్నాయి, వాటాదారులున్నారు, మార్కెట్టు ఉన్నది. వీధి మలుపులోని చిన్న హోటలుకు ఆ పథకం తప్ప మరొకటి లేదు. తేడా అక్కడ ఉన్నది.

ప్రజల ఒత్తిడి ఒక సంస్థ చేత సొమ్ము కక్కించడంతో ఆగలేదు, నియమాలనే మార్చింది. మరునాడే మరో 31,000 కోట్ల డాలర్లు మంజూరు చేసిన చట్టంలో 6,000 కోట్లను చిన్న బ్యాంకులూ స్థానిక రుణ సంస్థల ద్వారానే పంచాలని కేటాయించారు. ఆ ఏడాది డిసెంబరులో వచ్చిన చట్టం స్టాక్ మార్కెట్టులో ఉన్న కంపెనీలకు కొత్త రుణాలు ఇవ్వరాదని కట్టడి చేసింది. 2021 జనవరిలో పథకం మళ్ళీ తెరిచినప్పుడు మొదటి రోజులను వెనుకబడిన ప్రాంతాల్లో పనిచేసే చిన్న రుణ సంస్థలకే ప్రత్యేకించారు. ఫిబ్రవరిలో 20 మంది లోపు ఉద్యోగులున్న దుకాణాలకు మాత్రమే రెండు వారాల వ్యవధి ఇచ్చారు. ఇవన్నీ మొదటి పదమూడు రోజుల్లోనే ఉండవలసిన నియమాలు. ఆలస్యంగానైనా వచ్చాయంటే, కాగితాలు చదివి, పేర్లు బయటపెట్టి, సంతకాలు సేకరించిన సామాన్యుల పుణ్యమే. ఇక రూత్స్ క్రిస్ సంస్థను 2023లో డార్డెన్ అనే మరింత పెద్ద భోజనశాలల సంస్థ 71.5 కోట్ల డాలర్లకు కొనుక్కున్నది. రెండు కోట్లు లేకపోతే బ్రతకలేని సంస్థ కాదన్నదానికి ఇంతకంటె సాక్ష్యం అవసరం లేదు.

పాఠకులు అడుగవచ్చు, అమెరికా కథతో మనకేమి పని అని. 2006 నాటి సచార్ కమిటీ నివేదికను ఒకసారి జ్ఞాపకం చేసుకోండి. ముస్లిం శ్రామికులలో సుమారు 61 శాతం మంది స్వయం ఉపాధి మీద ఆధారపడినవారే. హిందువులలో ఇది సుమారు 55 శాతం. అంటే చిన్న అంగడి, తోపుడు బండి, మెకానిక్ షెడ్డు, కుట్టుమిషను మనకు ఇతరులకంటె ఎక్కువగా జీవనాధారం. అయినా బ్యాంకు రుణాలలో మన వాటా జనాభాకు తగినంత లేదని ఆ కమిటీ చూపించింది. కొన్ని బ్యాంకులు కొన్ని ప్రాంతాలను ప్రతికూల ప్రాంతాలుగా గుర్తించి, అక్కడివారికి రుణాలు సులభంగా ఇవ్వడం లేదన్న సంగతినీ నమోదు చేసింది. కనుక చిన్న రుణ పథకంలో జరిగే ప్రతి లోపమూ ముందుగా మన ఇంటి తలుపే తడుతుంది.

మా మొహల్లాలో సీకు కబాబుల బండి నడిపే ఒక సోదరునికి కొంతకాలం క్రితం కాగితాలు సిద్ధం చేయడంలో మేము తోడ్పడ్డాము. ఆధార్, రేషన్ కార్డు, ఆదాయ ధ్రువపత్రం, కొటేషను, ఫొటోలు, అన్నీ ఉన్నాయి. మిగిలినది బ్యాంకు అంగీకార పత్రం ఒక్కటే. దానికోసం నాలుగుసార్లు వెళ్ళాడు. మొదటిసారి మేనేజరు లేరన్నారు. రెండవసారి ఖాతా కొత్తది, పాత ఖాతాదారులకే ఇస్తామన్నారు. మూడవసారి మీ ప్రాంతం మా పరిధి కాదన్నారు. నాలుగవసారి గడువు దాటిందన్నారు. "చాచా, ఒక్కొక్కసారి వెళ్ళినప్పుడల్లా ఆ పూట బండి పెట్టలేదు. నాలుగు పూటల కబాబులు నష్టం, అంతే నాకు మిగిలింది" అన్నాడు. అతడి మాటలో కోపం కూడా లేదు. కోపం లేకపోవడమే మమ్మల్ని ఎక్కువ కలచివేసింది. పాత ఖాతాదారుకే ముందు అన్న నియమం సముద్రాల అవతల కూడా అదే పని చేసిందని తరువాత చదివినప్పుడు, అతడి నాలుగు పూటలు మాకు జ్ఞాపకం వచ్చాయి.

ఈ సందర్భంలో మన సముదాయానికే చెప్పవలసిన ఒక చేదు మాట దాచడం ధర్మం కాదు. పెద్దవాడు చిన్నవాడి విస్తరిలో చెయ్యి పెట్టడం అమెరికాకే పరిమితం కాదు. ఒకే ఇంటి నుండి నలుగురి పేర్లతో దరఖాస్తులు పెట్టేవారిని, నడుస్తున్న పెద్ద దుకాణాన్ని తమ్ముడి పేరిట కొత్త చిన్న దుకాణంగా చూపేవారిని మేము దస్త్రాలలో చూచాము. అందులో మనవారూ ఉన్నారు. రెండు అనుబంధ కంపెనీల పేరిట రెండు దరఖాస్తులు పెట్టిన ఆ సంస్థకూ, వీరికీ కొలతలో తేడాయే గాని గుణంలో తేడా లేదు. ఆ సంస్థ తీసుకున్నది కనీసం తిరిగి ఇచ్చింది. నియమం ఒప్పుకొన్నదంతా న్యాయం కాదు. పొరుగువాడు ఆకలితో ఉండగా కడుపు నింపుకొనేవాడిని మన ధర్మం ఏ దృష్టితో చూస్తుందో మన పాఠకులకు మేము వేరుగా చెప్పనక్కరలేదు.

కనుక ప్రభుత్వాలను మేము కోరుతున్నవి కొద్దిపాటి విషయాలే. స్వయం ఉపాధి పథకాలలో మొదట వచ్చినవారికి మొదట అన్న పద్ధతి మాని, అతి చిన్న వ్యాపారులకు ప్రత్యేక గడువును, ప్రత్యేక వాటాను కేటాయించాలి. మండలాలవారీగా ఎన్ని దరఖాస్తులు వచ్చాయి, ఎన్ని మంజూరయ్యాయి, ఎన్నింటిని ఏ కారణంతో తిరస్కరించారు అన్న లెక్కలను నోటీసు బోర్డుపై ఉంచాలి. తిరస్కారాన్ని నోటిమాటగా గాక కాగితం మీద ఇవ్వాలి. బ్యాంకు అంగీకార పత్రం కోసం పేదవాడిని తిప్పే బదులు, ఆ పత్రం తెప్పించే బాధ్యతను పథకం నడిపే శాఖయే తీసుకోవాలి.

ఇక మసీదు కమిటీలు, యువజన సంఘాలు చేయగల పనులు ఉన్నాయి. శుక్రవారం నమాజు తరువాత వారానికి ఒక గంట కాగితాల సహాయానికి కేటాయించవచ్చు. ఉద్యమ్ నమోదు ఉచితం. దానికి వందల రూపాయలు వసూలు చేసే దళారులను మన వీధుల నుండి తొలగించవచ్చు. తోపుడు బండ్ల వారికి 2020 జూన్‌లో మొదలైన స్వనిధి పథకంలో తొలి విడతగా 10,000 రూపాయల రుణం ఏర్పాటు చేశారు. దానికి మునిసిపాలిటీ ఇచ్చే గుర్తింపు గాని సిఫారసు లేఖ గాని ముఖ్యం. ఇటువంటి రుణాలపై వడ్డీ సంగతిలో సందేహం గలవారు తమ ఉలమాలను సంప్రదించాలి. అటువంటివారి కోసం బైతుల్‌మాల్ నుండి వడ్డీ లేని కర్జె హసనా ఇవ్వగల శక్తి మన పట్టణాలలో అనేకం ఉన్నది, ఉపయోగించుకొనే సంకల్పమే కావాలి. సమాచార హక్కు చట్టం 2005 నుండి మన చేతిలో ఉన్నది. పది రూపాయల రుసుముతో ఒక్క దరఖాస్తు పెడితే, మన మండలంలో ఎవరి విస్తరిలో ఏమి వడ్డించారో తెలుస్తుంది. అక్కడ రెండు లక్షల సంతకాలకు ముందు, కొందరు శ్రద్ధగా కాగితాలు చదివారు. మనమూ అక్కడి నుండే మొదలుపెట్టాలి.

రూత్ ఫెర్టెల్ తొలినాడు బ్యాంకుకు వెళ్ళినప్పుడు ఆమె ఎదుట కూర్చున్న అధికారి "18,000 చాలదమ్మా, సరకులకు మరో 4,000 తీసుకో" అన్న అర్థంలో సలహా ఇచ్చి పంపాడు. ఆ ఒక్క సలహా మీద ఒక కుటుంబం నిలబడింది, ఎందరో ఒంటరి తల్లులకు పని దొరికింది. మన కబాబు బండి సోదరుడికి కూడా అటువంటి అధికారి ఒక్కరు ఎదురైతే చాలును. ఆ అధికారి అదృష్టంవల్ల గాక నియమంవల్ల ఎదురయ్యేటట్టు చేయడమే మనం కోరే హక్కు. ఆ సోదరుడు ఈ ఏడు మళ్ళీ దరఖాస్తు పెట్టుకుంటున్నాడు. ఈసారి బ్యాంకుకు అతడి వెంట మేమూ వెళ్తాము. ప్రతి మొహల్లా నుండి ప్రతి దరఖాస్తుదారు వెంట ఒక్కొక్కరు వెళ్ళాలని మా మనవి.